చిటికెడు సాంబ్రాణి: తొలి క్రైస్తవులు, రోమన్ చక్రవర్తులు, పాత దేవుళ్ళ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

క్రీ.శ. 112 ప్రాంతంలో రోమన్ గవర్నర్ ముందు నిలబెట్టిన క్రైస్తవుడు ప్రాణం దక్కించుకోవాలంటే చక్రవర్తి విగ్రహం ముందు కాస్త సాంబ్రాణి వేసి, కాస్త ద్రాక్షారసం పోసి, క్రీస్తును తిట్టాలి. 392కి వచ్చేసరికి అదే సామ్రాజ్యంలో ఇంట్లో విగ్రహం ముందు సాంబ్రాణి వేస్తే ఇల్లే జప్తు. ఈ 280 ఏళ్ళలో ఏం జరిగిందన్న దాని మీద ఎక్కువగా వచ్చే ప్రశ్నలివి.

‘పాగన్’ అని ఎవరిని అంటారు?

ఆ కాలంలో ‘నేను పాగన్‌ని’ అని చెప్పుకున్నవాళ్ళు లేరు. లాటిన్‌లో ‘పాగానుస్’ అంటే పల్లెటూరివాడు. సైన్యం భాషలో, సైనికుడు కాని మామూలు మనిషి. నాలుగో శతాబ్దంలో క్రైస్తవులు ఈ మాటను తమలో చేరనివాళ్ళకు తగిలించారు. ‘పల్లెటూరి బైతు’ అన్న వెక్కిరింతా, ‘క్రీస్తు సైన్యంలో చేరనివాడు’ అన్న అర్థమా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. జూపిటర్‌కు ఎద్దును బలిచ్చే సెనేటర్, నైలు ఒడ్డున ఐసిస్‌ను కొలిచే రైతు, ఇంటి మూలన కులదేవతలకు దీపం పెట్టే ఇల్లాలు, అందరినీ ఒకే గంపలో వేసిన మాట ఇది. తెలుగు బైబిల్లోని ‘అన్యజనులు’ దీనికి సరిపోదు, అది యూదులు కానివాళ్ళందరినీ ఉద్దేశించినది. ఇక్కడ ‘పాత మతం’ అని వాడుతున్నాను. నిజానికి అది ఒక మతం కూడా కాదు, వందల పూజా పద్ధతుల కలగలుపు.

అంతమంది దేవుళ్ళున్న రోములో యేసుకు మాత్రం చోటెందుకు లేదు?

చోటు ఉంది. కొత్త దేవుళ్ళను చేర్చుకోవడంలో రోమన్లకు పెద్ద పట్టింపు లేదు. క్రీ.పూ. 204లో ఆసియా మైనర్ నుంచి సిబెలీ అమ్మవారిని ప్రభుత్వమే ఓడలో తెప్పించుకుంది. యేసును కూడా ఒక వరసలో కూర్చోబెట్టడానికి వాళ్ళకు అభ్యంతరం ఉండేది కాదేమో. గొడవంతా మిగిలిన దేవుళ్ళకు దణ్ణం పెట్టం అన్నందుకు వచ్చింది.

ఊరి జాతరకు చందా ఇవ్వని ఇల్లు ఎలా కనబడుతుందో ఊహించుకుంటే సగం అర్థమవుతుంది. దేవతలకు జరగాల్సినవి జరిగితేనే వానలు, పంటలు, యుద్ధంలో గెలుపు అని రోమన్ల గట్టి నమ్మకం. కాబట్టి బలి ఇవ్వనివాడు తన ఒక్కడి ఆత్మ సంగతే చూసుకుంటున్నట్టు కాదు, ఊరందరి మీదికీ కీడు తెస్తున్నట్టు. కార్తేజ్‌లో 197 ప్రాంతంలో క్రైస్తవ రచయిత టెర్టులియన్ దీన్ని ఎగతాళి చేస్తూ రాశాడు: టైబర్ నది గోడల దాకా పొంగినా, నైలు పొలాల దాకా పొంగకపోయినా, కరువొచ్చినా, రోగమొచ్చినా, ‘క్రైస్తవులను సింహానికి వేయండి’ అని కేకలేస్తారట. ‘ఇంతమందిని ఒక్క సింహానికా?’ అని వెంటనే ఒక చురక.

అప్పటి జనం దృష్టిలో క్రైస్తవులు నాస్తికులు. ఇవాళ వింటే నవ్వొస్తుంది గానీ, గుడి లేదు, విగ్రహం లేదు, బలి లేదు, ఇంకేమంటారు? స్ముర్నాలో ముసలి బిషప్ పాలికార్పును ‘నాస్తికులు నశించాలి అను, వదిలేస్తాం’ అని అధికారి బతిమాలాడు. ఆయన మైదానంలో అరుస్తున్న జనం వైపు చెయ్యి చూపించి అదే మాట అన్నాడు. తర్వాత ఆయన్ను తగలబెట్టారు.

మరి యూదులు కూడా ఒక్క దేవుడినే కొలిచేవారు కదా?

అవును, కానీ వాళ్ళది తాతముత్తాతల ఆచారం. పాతదైతే రోమన్లకు వింతగా ఉన్నా గౌరవమే. క్రైస్తవులు సొంత పెద్దల ఆచారాన్ని వదిలేసి కొత్తది పట్టుకున్నవాళ్ళు. కొత్తది అనడమే అప్పట్లో ఒక నేరారోపణ.

చట్టంలో క్రైస్తవం నేరమని ఉండేదా?

మొదటి రెండు వందల ఏళ్ళు సామ్రాజ్యమంతటికీ వర్తించే అలాంటి చట్టం ఏదీ కనబడదు. 64లో రోము తగలబడ్డాక నీరో ఆ నింద క్రైస్తవుల మీదికి నెట్టి ఘోరంగా చంపించాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ హింస రోము నగరానికే పరిమితం.

అసలు వ్యవహారం ఎలా నడిచేదో తెలియాలంటే ప్లినీ ఉత్తరం చదవాలి. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైన కాగితం అదే. ఇప్పటి టర్కీ ఉత్తరాన ఉన్న బితినియా-పొంతు ప్రాంతానికి గవర్నరుగా వెళ్ళిన ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాస్తాడు: ఈ కేసులు నేనెప్పుడూ చూడలేదు, శిక్ష పేరుకా, పేరు చాటున జరిగే నేరాలకా? మూడుసార్లు అడుగుతున్నాను, మూడుసార్లూ ‘క్రైస్తవుడినే’ అంటే చంపిస్తున్నాను, ఎందుకంటే ఏం నమ్మినా సరే ఆ మొండితనానికి శిక్ష పడాల్సిందే. క్రైస్తవాన్ని వదిలేశామన్నవాళ్ళు అతనికి చెప్పింది ఇంతే: తెల్లవారకముందే కలుసుకుంటారు, క్రీస్తుకు దేవుడికి పాడినట్టు పాట పాడతారు, దొంగతనం, వ్యభిచారం చేయమని ఒట్టు పెట్టుకుంటారు, తర్వాత కలిసి మామూలు భోజనం చేస్తారు. నిజమేమిటో తేల్చుకోవడానికి పరిచారకులని పిలిచే ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టి విచారిస్తే, అతని లెక్కలో శ్రుతిమించిన మూఢనమ్మకం తప్ప ఇంకేమీ దొరకలేదు.

ట్రాజన్ జవాబు చిన్నది. వెతికి పట్టుకోవద్దు. ఎవరైనా నేరుగా ఫిర్యాదు చేసి రుజువైతే శిక్షించు. మన దేవుళ్ళకు మొక్కితే వదిలెయ్యి. ఆకాశరామన్న ఉత్తరాలు అసలు తీసుకోకు, అది మన కాలానికి తగిన పని కాదు. నేరస్థుడైతే వెతకొద్దనడం ఏమిటి, నిర్దోషి అయితే శిక్షేమిటి అని టెర్టులియన్ తర్వాత ఎత్తిపొడిచాడు. తర్కంగా చూస్తే అతనిదే పైచేయి. పరిపాలనగా చూస్తే ట్రాజన్ కోరుకున్నది గొడవ లేకుండా ఉండడం. ఆ అస్పష్టతే వందేళ్ళకు పైగా నడిచింది.

క్రైస్తవులు పన్ను కట్టేవారా? చక్రవర్తిని ఒప్పుకునేవారా?

కట్టేవారు, ఒప్పుకునేవారు. ‘కైసరువి కైసరునకును, దేవునివి దేవునికిని’ అన్న మాట వెనక ఉన్నది పన్ను గురించిన ప్రశ్నే. ఆ రోజు చూపించిన నాణెం టైబీరియస్ చక్రవర్తి వెండి దీనారమని సాధారణంగా అనుకుంటారు. అలాంటివి తెలుగు నేల మీద కూడా దొరికాయి, నల్గొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడిన రోమన్ నాణేల్లో టైబీరియస్ కాలంవీ ఉన్నాయి. మిరియాలకో నూలుబట్టలకో ఇచ్చిన సొమ్ము అయ్యుండాలి. సంగతికొస్తే, చక్రవర్తి కోసం ప్రార్థిస్తాం గానీ చక్రవర్తికి ప్రార్థించం అన్నది క్రైస్తవుల గీత. ‘ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను’ అని పౌలు రోమీయులకు రాసిన ఉత్తరం, రోమును మత్తెక్కిన వేశ్యగా చూపించిన ప్రకటన గ్రంథం రెండూ ఒకే కొత్త నిబంధనలో ఉన్నాయని మరచిపోవద్దు.

మూడు వందల ఏళ్ళు ఆగకుండా హింసించారా? కేటకూంబ్‌లలో దాక్కున్నారా?

ఆగకుండా కాదు. మొదట్లో ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక కరువు ఏడాదో అల్లరి ఏడాదో. సామ్రాజ్యం మొత్తంగా పూనుకున్నది 250లో, 257-260 మధ్య, 303 తర్వాత. నడుమ 260 నుంచి నలభై ఏళ్ళు ప్రశాంతంగా గడిచాయి. కేటకూంబ్‌లు శ్మశానాలు. అవి ఎక్కడున్నాయో అందరికీ తెలుసు, అక్కడ దాక్కుని ఉపయోగం లేదు. కొలోసియంలో వేలమంది హతసాక్షులయ్యారన్న (నమ్మకం కోసం ప్రాణాలిచ్చారన్న) దానికి ఆ కాలపు ఆధారం లేదు. కార్తేజ్‌లో 203లో పాలుతాగే బిడ్డను వదిలి చావుకు వెళ్ళిన పెర్పెతువా లాంటివాళ్ళ కథలకు ఆధారాలున్నాయి. సంఖ్య తక్కువని తేలితే హింస చిన్నదైపోదు.

డెసియస్ సర్టిఫికెట్లు అంటే ఏమిటి?

249లో గద్దెనెక్కిన డెసియస్, సామ్రాజ్యంలో ప్రతి ఒక్కరూ దేవుళ్ళకు బలిచ్చి, ఇచ్చినట్టు అధికారుల సంతకంతో కాగితం తీసుకోవాలన్నాడు. సరిహద్దుల్లో గోత్ తెగల దాడులు, దేశంలో అయోమయం. దేవుళ్ళను ప్రసన్నం చేసుకోవాలన్న ఆలోచన అది. ఈజిప్టు ఇసుకలో ఆ కాగితాలు నలభైకి పైగా దొరికాయి. 250 జూన్ 26 నాటి ఒకదానిలో ఔరేలియస్ డయోజెనిస్ అనే ఆయన, వయసు 72, కుడి కనుబొమ్మ మీద మచ్చ. మన పదో తరగతి సర్టిఫికెట్ మీద పుట్టుమచ్చలు రాసినట్టే. ‘నేను ఎప్పుడూ దేవుళ్ళకు బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట బలిచ్చాను, పానీయం ధారపోశాను, నైవేద్యం రుచి చూశాను, ధ్రువీకరించమని మనవి’ అని అందులో ఉంది.

ఇంకో కాగితం మొసలి దేవుడి గుడిలో పూజారిణిది. ఆమె క్రైస్తవురాలని అనుమానించే అవకాశమే లేదు, అయినా కాగితం తీసుకుంది. అంటే ఆజ్ఞ క్రైస్తవుల పేరెత్తలేదు, అందరినీ ఒకే వరుసలో నిలబెట్టింది. ఆ వరుసలో ఇరుక్కుపోయింది మాత్రం క్రైస్తవులు. కొందరు చచ్చారు, కొందరు పారిపోయారు, చాలామంది బలిచ్చేశారు, ఇంకొందరు లంచమిచ్చి దొంగ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. హింస సద్దుమణిగాక వీళ్ళను సంఘంలోకి మళ్ళీ రానివ్వాలా వద్దా అన్న తగువు, హింసకంటే ఎక్కువ కాలం సంఘాన్ని పీడించింది.

ప్రసాదం తినొచ్చా అన్న ప్రశ్న అప్పుడూ ఉందా?

మన దగ్గర పక్కింటివాళ్ళు సత్యనారాయణ వ్రతం ప్రసాదం ఇస్తే క్రైస్తవ కుటుంబంలో వచ్చే ఇబ్బంది కొరింథులో 50ల్లోనే వచ్చింది. గుడిలో బలిచ్చిన జంతువు మాంసం తర్వాత అంగట్లోకి వచ్చేది. పౌలు చెప్పిన దారి మధ్యస్థం: అంగట్లో అమ్మేది ఆరా తీయకుండా తినండి, ఎవరైనా ‘ఇది విగ్రహానికి పెట్టింది’ అని చెబితే వాళ్ళ మనస్సాక్షి కోసం మానండి, గుడి విందులో మాత్రం కూర్చోవద్దు. ప్లినీ ఉత్తరంలో దీనికి రెండో కొస కనిపిస్తుంది. క్రైస్తవుల వల్ల తన ప్రాంతంలో బలి మాంసం కొనేవాళ్ళే కరువయ్యారని అతని మాట. కాబట్టి ఫిర్యాదుల వెనక భక్తితో పాటు బేరం పడిపోయిన బాధ కూడా ఉండి ఉండవచ్చు.

డయోక్లీషియన్ చక్రవర్తి కాలంలో ఏం జరిగింది?

303 ఫిబ్రవరి 23న నికోమీడియాలో, రాజభవనం నుంచి చూస్తే కనబడే చర్చిని పడగొట్టారు. మర్నాడు ఆజ్ఞ: చర్చిలు కూల్చండి, గ్రంథాలు కాల్చండి, పదవులు ఊడబీకండి. తర్వాతి ఆజ్ఞల్లో మతగురువులను చెరసాలలో పెట్టడం, చివరికి అందరూ బలివ్వాలనడం.

ఆఫ్రికాలోని సిర్తా ఊళ్ళో, ఇప్పటి అల్జీరియాలో, అధికారులు చర్చిని సోదా చేసినప్పటి పంచనామా మనకు మిగిలింది. బంగారు పాత్రలు రెండు, వెండివి ఆరు, దీపాలు, ఆ తర్వాత 82 ఆడవాళ్ళ అంగీలు, 16 మగవాళ్ళ అంగీలు, 47 జతల ఆడవాళ్ళ చెప్పులు, 13 జతల మగవాళ్ళవి. బీదలకు, ముఖ్యంగా విధవలకు పంచడానికి దాచినవి అయ్యుండాలి. క్రైస్తవం ఎందుకు పెరిగిందో చెప్పమంటే అద్భుతాల కంటే ముందు నేను ఈ చెప్పుల లెక్క చూపిస్తాను.

హింసకు మూల పురుషుడని పేరుపడ్డ చక్రవర్తి గలేరియసే 311 ఏప్రిల్ 30న, చావుబతుకుల్లో ఉండి, దాన్ని ఆపేశాడు. ‘క్రైస్తవులు తమ దేవుడిని మా క్షేమం కోసం, రాజ్యం క్షేమం కోసం ప్రార్థించాలి’ అని ఆ శాసనం కోరింది. కొన్ని రోజులకే పోయాడు.

కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నిజంగా క్రైస్తవుడయ్యాడా, రాజకీయమా?

ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే, అవును-కాదు జవాబు కుదరనిదీ ఇదే.

312 అక్టోబర్ 28న మిల్వియన్ వంతెన దగ్గర పోటీ చక్రవర్తి మాక్సెంటియస్‌ను ఓడించి రోములోకి వచ్చాడు. డాలుల మీద క్రీస్తు గుర్తు వేయమని కలలో ఆజ్ఞ అయిందని క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ కొద్ది ఏళ్ళలోనే రాశాడు. పట్టపగలు ఆకాశంలో సూర్యుడి పైన సిలువ కనబడిందని బిషప్ యుసేబియస్ చాలా తర్వాత, చక్రవర్తే తనకు చెప్పాడంటూ రాశాడు. రెండూ ఒకే కథ కాదు. 315లో రోము సెనేట్ కట్టిన విజయ తోరణం మీద క్రీస్తు పేరు లేదు, జూపిటర్ పేరూ లేదు. ‘దైవ ప్రేరణతో’ అని ఉంది. ఏ దైవమో ఎవరికి తోచింది వాళ్ళు చదువుకోవచ్చు. అంత తెలివైన శిలాశాసనం అరుదు.

సూర్యదేవుడి బొమ్మతో అతని నాణేలు 325 ప్రాంతం దాకా వచ్చాయి. 321లో కోర్టులకు, చేతివృత్తులకు ఆదివారం సెలవిచ్చిన చట్టం ఆ రోజును ‘పూజనీయమైన సూర్యుని దినం’ అంది, పొలం పనులకు మినహాయింపు కూడా ఇచ్చింది. రాజభవనం మీద పిడుగు పడితే జంతువుల పేగులు చూసి శకునం చెప్పేవాళ్ళను అడగండి అన్న ఆజ్ఞ కూడా ఆ రోజుల్లోదే. ఇంకో వైపు మతగురువులకు ఊరి పన్నుల చాకిరీ తప్పించాడు, రోములో లాటరన్ చర్చి కట్టించాడు, గుళ్ళ బంగారం కరిగించి సొమ్ము చేసుకున్నాడు. 326లో సొంత కొడుకు క్రిస్పస్‌ను చంపించాడు, భార్య ఫౌస్టా కూడా అదే ఏడాది చనిపోయింది. బాప్తిస్మం 337లో, మరణశయ్య మీద. ఆ కాలంలో అలా ఆలస్యం చేయడం మామూలే, పాపాలన్నీ ఒక్కసారి కడుక్కోవచ్చని.

నా మటుకు నేను, అతను నమ్మాడనే అనుకుంటాను. కాకపోతే గెలిపించే దేవుడిగా నమ్మాడు, రోమన్ సేనాపతి ఏ దేవుడినైనా నమ్మే పద్ధతిలోనే. పాత మతంలో మార్పు ఎంత నెమ్మదో అతని చావు చెబుతుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో పన్నెండుమంది అపోస్తలుల స్మారకాల నడుమ పూడ్చారు. రోమన్ పద్ధతిలో దేవుళ్ళలో కూడా చేర్చారు.

మిలాన్ శాసనంతో క్రైస్తవం రాజమతమైందా?

లేదు. 313లో కాన్‌స్టాంటైన్, సహచక్రవర్తి లైసీనియస్ ఒప్పుకున్నది క్రైస్తవులకూ మిగిలిన అందరికీ నచ్చిన పూజ చేసుకునే స్వేచ్ఛ, లాక్కున్న చర్చి ఆస్తులు తిరిగివ్వడం. మన చేతిలో ఉన్నది లైసీనియస్ నికోమీడియాలో పెట్టించిన ఉత్తరం. రాజమతం సంగతి 380లో థియోడోసియస్ చక్రవర్తి ఫిబ్రవరి 27 ఆజ్ఞతో వచ్చింది, అది కూడా ముందుగా గురిపెట్టింది త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని) వేరేగా చెప్పే క్రైస్తవులనే.

నైసియా సభలో బైబిల్ పుస్తకాలు ఎంపిక చేశారట?

చేయలేదు. 325 నాటి ఆ సభ తీర్మానాల్లో ఆ మాటే లేదు. తండ్రికీ కుమారుడికీ ఉన్న సంబంధం మీద అలెగ్జాండ్రియా మతగురువు అరియస్ లేపిన వివాదం, ఈస్టర్ తేదీ, బిషప్పుల అధికారాలు, ఇవీ సంగతులు. ఇప్పటి 27 పుస్తకాల జాబితా అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ 367లో రాసిన ఉత్తరంలో కనిపిస్తుంది. వాట్సాప్‌లో తిరిగేదంతా నవలల పుణ్యం.

క్రిస్మస్ తేదీ సూర్యుడి పండుగ నుంచి దొంగిలించిందా?

354 నాటి ఒక రోము పంచాంగ సంకలనంలో డిసెంబర్ 25 దగ్గర ‘అజేయుని జన్మదినం’ ఉంది, అదే సంకలనంలో ఇంకోచోట క్రీస్తు పుట్టుక కూడా ఉంది. ఏది ముందో దీంతో తేలదు. మార్చి 25న గర్భధారణ అని లెక్కగట్టి తొమ్మిది నెలలు కలిపారన్న వాదన కూడా బలమైనదే. దొంగతనం అని తేల్చి చెప్పేవాళ్ళను నమ్మకండి.

జూలియన్ పాత మతాన్ని ఎందుకు నిలబెట్టలేకపోయాడు?

కాన్‌స్టాంటైన్ తమ్ముడి కొడుకు. చర్చిలో పెరిగి, గ్రీకు తత్వం చదివి, 361లో చక్రవర్తి కాగానే పాత దేవుళ్ళ వైపు తిరిగాడు. ఇతను చంపించే దారి పట్టలేదు, అంతకంటే తెలివైన దారులు వెతికాడు. 362లో క్రైస్తవ గురువులు హోమర్‌ను బోధించడానికి వీల్లేకుండా చేశాడు. నమ్మని దేవుళ్ళ గురించి పాఠం చెప్పడమెందుకన్నాడు.

అతని కష్టమంతా ఒక్క బాతులో ఉంది. అంతియొకయ దగ్గర డాఫ్నీలో అపోలో ఉత్సవానికి, బలులు, ధూపాలు, తెల్లబట్టల్లో పిల్లల వరసలు ఊహించుకుంటూ ఉత్సాహంగా వెళ్ళాడు. గుడిలో ఒక్క పూజారి, తన ఇంటి నుంచి తెచ్చిన ఒక్క బాతు. ఊరు ఏమీ పంపలేదు. ఈ సంగతి జూలియనే ఆ ఊరివాళ్ళను తిడుతూ రాసుకున్నాడు. గలతియ ప్రధాన పూజారికి రాసిన ఉత్తరంలో, ‘ఈ గలిలయులు (క్రైస్తవులను అతను పిలిచే పేరు) తమ బీదలనే కాదు, మన బీదలను కూడా పోషిస్తున్నారు’ అని వాపోయి, గుళ్ళ తరఫున సత్రాలు పెట్టమని గోధుమలు, ద్రాక్షారసం మంజూరు చేశాడు. సిర్తా చెప్పుల లెక్క అతనికీ అర్థమైందన్నమాట. 363లో పర్షియా యుద్ధంలో చనిపోయాడు.

విజయ దేవత బలిపీఠం గొడవ ఏమిటి?

రోము సెనేట్ హాల్లో సభ్యులు లోపలికొస్తూ సాంబ్రాణి వేసే పీఠం అది. 382లో గ్రేషియన్ చక్రవర్తి తీయించాడు, పూజారులకు, వెస్టా దేవత గుడిలో అగ్నిని కాచే కన్యలకు ఇచ్చే నిధులు ఆపాడు. 384లో నగర అధికారి సిమ్మాకస్ కుర్ర చక్రవర్తి రెండో వాలెంటినియన్‌కు విన్నపం రాశాడు: మనమంతా చూసేది అవే నక్షత్రాలు, అందరికీ ఆకాశం ఒక్కటే, అంత గొప్ప రహస్యాన్ని ఒకే దారిలో చేరలేం. మనవాళ్ళకు వెంటనే ‘ఏకం సత్’ గుర్తొస్తుంది. అయితే సిమ్మాకస్ అందరికీ సమాన హక్కులు అడగలేదు, పాత పూజకు ఖజానా డబ్బు అడిగాడు. మిలాన్ బిషప్ ఆంబ్రోస్ అడ్డుపడ్డాడు, విన్నపం చెల్లలేదు.

బిషప్పులు చక్రవర్తులను లొంగదీశారా?

ఆంబ్రోస్ విషయంలో అవును, రెండుసార్లు. థెస్సలొనీకలో 390లో సైన్యం జనాన్ని ఊచకోత కోశాక, పశ్చాత్తాపం చూపేదాకా థియోడోసియస్‌కు ప్రభు భోజనం ఇవ్వనన్నాడు. చక్రవర్తి తల వంచాడు. ఇది అందరూ చెప్పే కథ. రెండేళ్ళ ముందు, కల్లినికం ఊళ్ళో క్రైస్తవ గుంపు యూదుల సమాజమందిరం తగలబెడితే, బిషప్పు డబ్బుతో తిరిగి కట్టించమని అదే చక్రవర్తి ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞను కూడా ఆంబ్రోసే వెనక్కి తీయించాడు. రెండో కథను వదిలేసి మొదటిదే చెప్పడం న్యాయం కాదు.

గుళ్ళన్నీ క్రైస్తవులు పగలగొట్టారా?

కొన్నిటిని. 391-392లో అలెగ్జాండ్రియాలోని సెరాపిస్ దేవుడి గుడి సెరాపియం అలాగే పోయింది. అంతకుముందు 386 ప్రాంతంలో పాత మతానికి చెందిన వక్త లిబానియస్, నల్లబట్టల సన్యాసులు ఏనుగుల కంటే ఎక్కువ తిని పల్లెల గుళ్ళ మీద పడుతున్నారని, గుడి పోతే రైతుకు ఆశే పోతుందని చక్రవర్తికి మొరపెట్టుకున్నాడు. కానీ ఎక్కువ గుళ్ళు పోషణ లేక శిథిలమయ్యాయి, గోడౌన్లయ్యాయి, రాళ్ళు ఇళ్ళలోకి పోయాయి. ఏథెన్స్‌లోని పార్థెనాన్ చర్చి అయింది, 609లో రోములోని పాంథియాన్ కూడా. అవి ఇవాళ్టికి నిలబడి ఉండడానికి అదీ ఒక కారణం. 415లో అలెగ్జాండ్రియాలో గణిత, తత్వ పండితురాలు హైపేషియా హత్యను ‘మతం సైన్సును చంపింది’ అని చెప్పేస్తారు. అందులో బిషప్ సిరిల్‌కూ, క్రైస్తవుడే అయిన గవర్నర్ ఒరెస్టిస్‌కూ నడిచిన అధికారపు పోరు పెద్ద భాగం. ఆమెను చీల్చి చంపింది క్రైస్తవ గుంపే అన్నది మాత్రం నిజం.

చివరికి సాంబ్రాణి ఏమైంది?

392 నవంబర్ 8 నాటి థియోడోసియస్ చట్టం గుళ్ళతో ఆగలేదు, ఇళ్ళలోకి వచ్చింది. ఇంటి దేవతలకు దీపం, ద్రాక్షారసం, ధూపం, పూలదండ ఏదీ పెట్టకూడదు. విగ్రహం ముందు సాంబ్రాణి వేసినా, చెట్టుకు పట్టీలు కట్టినా ఆ ఇల్లో ఆ స్థలమో ఖజానాకు జప్తు. పరాయివాళ్ళ స్థలంలో చేస్తే 25 పౌండ్ల బంగారం జరిమానా. ప్లినీ కోర్టులో అడిగిన పనినే ఈ చట్టం నిషేధించింది.

దీనికి సుమారు పదేళ్ళ ముందు ఎజీరియా అనే యాత్రికురాలు యెరూషలేముకు వెళ్ళి, అక్కడి ఆరాధన ఎలా జరుగుతుందో ఇంటి దగ్గరి తోటి స్త్రీలకు ఉత్తరం రాసింది. ఆదివారం తెల్లవారుజామున, పునరుత్థాన మందిరంలో మూడు కీర్తనలు, ప్రార్థనలు అయ్యాక, ధూపపాత్రలు క్రీస్తు సమాధి గుహలోకి తెస్తారు, మందిరమంతా సువాసనతో నిండిపోతుంది, అప్పుడు బిషప్ సువార్త చదువుతాడు, జనం ఏడుస్తారు.